కోనసీమలో నీటి రాకయు, నీటి పోకయు

నీరు పల్లమెఱుగునని మనవారి సామెత. ఆ పల్లమున నున్న యిల్లు ఎవరిదో అడుగు అలవాటు మాత్రము మనకు తక్కువ. ఎండిన చేనికి నీరు తెచ్చినవానిని దేశము పూజించును; వాడిన నీటిని ఊరు దాటించినవాని పేరు ఎవ్వరును తలపెట్టరు. మొదటిది పుణ్యకార్యమనియు, రెండవది హేయమైన పనియనియు మన మనస్సులలో నాటుకొనియున్నది. ఈ భేదభావమువలన ఒక సీమకు ఎట్టి కీడు కలుగునో తెలిసికొనవలెనన్న, కోనసీమ చరిత్రకంటె మంచి నిదర్శనము మాకు కానరాదు. కావున ఈ మాసమున దానిని మా చదువరుల ముందుంచుచున్నాము.

గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పెద్దపాయలుగా చీలుచున్నది. వసిష్ఠనుండి వైనతేయ వేఱుపడి తన దారిని సముద్రమును చేరుచున్నది. ఈ పాయల నడుమ, బంగాళాఖాతపు టొడ్డున, నది వేలయేండ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టితో నేర్పడిన సీమయే కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట దీనిలో ముఖ్యస్థానములు. చిరకాలము తూర్పుగోదావరి జిల్లాలోనిదిగా నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఇది ప్రత్యేకజిల్లా యైనది. నేల సారవంతము, కాని మిక్కిలి చదును. సముద్రమట్టమునకు కొలది యడుగుల యెత్తుననే పెక్కు ఊళ్లున్నవి. వానకాలమున కొంచెము త్రవ్వినంతనే నీరు ఊఱును. ఇట్టిచోట నీటిని రప్పించుట యెంత కష్టమో, పంపివేయుట అంతకంటెను కష్టము. ఈ రెండవ సంగతి మన ప్రభుత్వములకును, మనకును తట్టుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

మొదట నీటి రాకను చూతము. నది చెంతనే యున్నను, ఆనకట్టకు పూర్వము ఈ ప్రాంతపు పంట వాననే నమ్ముకొనియుండెను. వరద వచ్చిన యేడు మునిగియు, వాన తప్పిన యేడు ఎండియు జనులు బాధపడిరి. 1832-33 సంవత్సరముల కఱవు వేలకొలది ప్రాణములను గొన్నది. ఈ దుస్థితిని కన్నులార చూచిన ఆర్థరు కాటన్ దొర ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టుటకు ప్రభుత్వమును ఒప్పించెను. 1847లో మొదలైన ఆ పని 1852లో ముగిసినది. మధ్యడెల్టా కాలువ బొబ్బర్లంకకడ బయలుదేరి, లొల్ల లాకులకడ శాఖలుగా చీలి, కోనసీమకు నీరందించినది. వైనతేయకు ఆవలనున్న నగరము లంకకు నీరు దాటించుటకై హేగ్ అను ఇంజనీరు గన్నవరముకడ 49 కమానులతో అక్విడక్టు కట్టించెను. క్రింద నదియు, పైని కాలువయు ప్రవహించు ఆ కట్టడమును చూచి జనులు ఆశ్చర్యపడిరి. ఇటీవల, 2000 సంవత్సరమున, దాని స్థానమున వచ్చిన క్రొత్త అక్విడక్టునకు, లంకలగన్నవరమున వేళకాని వేళ వచ్చినవారికి సయితము అన్నముపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. నీరు తెచ్చిన దొరకు విగ్రహములు, అన్నము పెట్టిన తల్లికి అక్విడక్టు! కృతజ్ఞత యను గుణము మన గోదావరి ప్రజలకు కొఱత కాదు.

ఇక నీటి పోకను చూతము. వానయు కాలువయు కలిసి తెచ్చిన నీటిలో పైరు త్రాగగా మిగిలినది ఎటో పోవలెను. పోవుటకు ప్రకృతి యేర్పఱచిన కోడులును ఏఱులును పూర్వమునుండి కలవు. కాలువ వచ్చినపిమ్మట వానిలోనికి మున్నెన్నడును లేనంత నీరు చేరజొచ్చెను. ఆ కాలముననే వాని గర్భము పూడికతో పైకి లేచెను. గట్లు కొంతకొంతగా సాగుచేలలో కలిసిపోయెను. గుఱ్ఱపుడెక్క నీటిని కమ్మెను. వీనికి తోడు సముద్రమొకటి. అది పోటుమీద నున్నపుడు మురుగును బయటికి పోనీయక వెనుకకు త్రోయును. ఆటు దొరకిన కొలదిసేపులోనే నీరంతయు దిగవలెను.

ఈ కష్టమును నడుమనడుమ ఇంజనీర్లు గుర్తింపకపోలేదు; పనులు జరుగకపోలేదు. అయినను కృష్ణా గోదావరీ డెల్టాల మురుగు పాఱుదలను సమగ్రముగా పరిశీలించుటకు మిత్రా సంఘము నియుక్తమైనది 1964లో. ఆ పనులకై ప్రత్యేకముగా పన్ను విధించు చట్టము పుట్టినది 1968లో. ఆనకట్ట ముగిసిన యేటికిని ఈ చట్టమునకును నడుమ 116 సంవత్సరములు గడచినవి. నీటి రాకకు అయిదేండ్లు. నీటి పోకకు నూటపదాఱేండ్లు!

ఆలస్యమునకు ఫలము సీమ యనుభవించుచునే యున్నది. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో వేయిమందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు నేలమట్టమైనవి, నీరు దిగుటకు దారి లేని చేలు చెఱువులైనవి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయమని పంటవిరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర లేకపోవుటయు, కూలి ఖర్చు పెరుగుటయు వారి మొఱలలో ముఖ్యములే. కాని మురుగు దిగక మునుగు చేల మొఱయు వానితో కలిసియున్నది. నీరు వచ్చినందుకు తరతరములుగా సంతసించిన రైతే, ఆ నీరు పోనందుకును కొంత విసిగి నాగలి ప్రక్కన పెట్టినాడు.

ఈ సీమలోని కౌశికను చూడుడు. సంక్రాంతి మఱునాడు కనుమనాడు గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను భక్తులు భుజములపై నెత్తుకొని, ఎగువ కౌశికలో దిగి, నీటికి అడ్డముగా నడచి, జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల తీర్థమునకు చేర్తురు. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశపు శకటముగా ఈ ప్రభలతీర్థమునే చూపిరి. ఆ కౌశికయే జలవనరులశాఖవారి లెక్కలలో ఒక మురుగుకాలువ. ఏటికొకనాడు దేవుని మోయు నీరు, తక్కిన దినములలో మన మురుగును మోయుచున్నది. నీటియందు భక్తి మనకు లేదని ఎవ్వరును అనజాలరు. భక్తి యున్నచోట బాధ్యత ఏల లేకపోయెనని మాత్రము అడుగవచ్చును.

పొలము మురుగు కథ యిట్లుండగా, ఇంటి మురుగు కథ దీనికి తోబుట్టువు. పూర్వము కోనసీమ యింటిలో నీటి వాడకము మితముగా నుండెను. ఏలయన దానిని మోసికొని తెచ్చువారు స్త్రీలు. కాలువరేవునుండియో నూతినుండియో బిందె చంకనెత్తి తెచ్చిన నీటిని ఊరక పాఱబోయుటకు ఎవరికి మనసొప్పును? బియ్యము కడిగిన కడుగును, వార్చిన గంజియు కుడితితొట్టిలో చేరి పశువుల కడుపు నింపెను. స్నానముచేసిన నీరు అరటిపాదునకు పోయెను. అంట్లు తోమిన నీరు చేమదుంపల మడిని తడిపెను. నూతిగట్టుమీది నీరు కొబ్బరిచెట్ల మొదళ్లకు చేరెను. బూడిదతోను, కుంకుళ్లతోను కడిగిన ఆ నీటిలో మొక్కకు కీడుచేయునది కొంచెమే. అట్టి పెరటిలో నీటికి ఒకటికి రెండు ఉపయోగములు. మురుగు అను మాటకు పని తక్కువ.

అంతమాత్రమున ఆ కాలము స్వర్ణయుగమని మేమనము. ఆ పొదుపు ఆడువారి నడుములనుండి పిండినది. త్రాగునీటి కాలువలోనే స్నానములు జరిగెను, గుడ్డలుతికిరి, పశువులను కడిగిరి. గట్లమీదనే బహిర్భూమికి పోయిరి. 1884లో రాబర్టు కాక్ పండితుడు వాంతిభేదుల సూక్ష్మజీవిని కలకత్తాలోని యొక చెఱువునీటిలో చూపెను. జనులు అదే నీటిలో స్నానముచేసి, అదే నీటిని త్రాగినందున వ్యాధి వ్యాపించెనని తేలినది. మన కాలువరేవులు ఆ చెఱువుకంటె భిన్నములు కావు. ఇక పట్టణపు టిండ్లలో మఱుగుదొడ్డి యెత్తు పనిని పుట్టుకనుబట్టి కొందఱి నెత్తిన రుద్దిన పాపము వేఱు. ఆ పనికి మనుష్యులను నియమించుట నేరమని 1993లోను, మఱింత కట్టుదిట్టముగా 2013లోను చట్టములు చేయవలసివచ్చినది.

నేడు స్థితి మాఱినది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత కార్యక్రమమువలన ఇంటింట మఱుగుదొడ్లు లేచినవి. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన పథకము పల్లెలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీటిని కొళాయిద్వారా ఇంటికే చేర్ప సంకల్పించినది. ఆడువారి చంకలోని బిందెను దించు ఈ మార్పును మేము మనసార కొనియాడుచున్నాము. అయితే లెక్క వేయుడు. వేయిమంది గల ఊరికి దినమునకు 55,000 లీటర్లు వచ్చును. వచ్చిన నీటిలో అయిదింట నాలుగుపాళ్లు వాడినపిమ్మట బయటికి వెలువడునని ఇంజనీర్ల అంచనా. అనగా దినమునకు 44,000 లీటర్లు; ఏడాదికి కోటి అఱువదిలక్షల లీటర్లు. దీనిని పుచ్చుకొనుటకు పూర్వపు పెరడు నేడు లేదు. పశువులశాల పోయినది, వాకిలి సిమెంటు పఱచుకొన్నది, బూడిదకు మాఱు సబ్బుపొడి వచ్చినది. వాడిననీటిని చక్కబెట్టు పనిని చేర్చుకొన్న స్వచ్ఛభారతపు రెండవఘట్టము 2020లో గాని రాలేదు. ఆనకట్టనాటి పొరపాటునే చిన్నయెత్తున ప్రతి యింటికడను మఱల చేయుచున్నాము: రాకకు గొట్టము, పోకకు దైవము.

దారిలేని నీరు ఊరక నిలువదు, రోగమును పెంచును. గోదావరీతీరమున చిరకాలముగా పాతుకొనిన వ్యాధి బోదకాలు. ఈ వ్యాధి పురుగును దోమ మోయునని 1877లో చైనాదేశపు ఆమాయ్ రేవున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు కనుగొనెను. మలేరియా దోమ తఱచు తేటనీటిని కోరును. బోదకాలు దోమయో కుళ్లిన నీటినే వెదకికొని గ్రుడ్లు పెట్టును. మఱుగుదొడ్డి తొట్టి మూతలోని సందు, వంటింటి వెనుకనున్న గుంట, కదలని వీథికాలువ దానికి పురిటిండ్లు. ప్రభుత్వము 1955లో దేశమంతటికి బోదకాలు నివారణ కార్యక్రమము నేర్పఱచినది. 2004నుండి వ్యాధిగల జిల్లాలలో ఏటేట అందఱికిని మాత్రలు మ్రింగించు పద్ధతి పెట్టినది. దానివలన మేలు కలిగినది. కాని మాత్ర దేహములోని పురుగును చంపును గాని, కాలువలోని దోమను చంపదు. కాలు వాచిన స్త్రీకి పెండ్లి సంబంధము తప్పుటయు, కూలివానికి పని తప్పుటయు ఎఱిగినవారు వంటింటి వెనుక గుంటను చిన్న విషయమనరు.

మురుగును శుద్ధిచేయుటలో మాయ యేమియు లేదు; దానిలోని మలినమును సూక్ష్మజీవులచేత తినిపించుటయే. 1895 ప్రాంతమున ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున డొనాల్డు కామెరాన్ అను ఇంజనీరు, మూసిన తొట్టిలో మురుగును నిలిపి గాలి యక్కఱలేని సూక్ష్మజీవులచే కుళ్లించు పద్ధతిని ప్రచారముచేసి, దానికి సెప్టిక్ టాంకని పేరిడెను. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అను వారు మురుగులోనికి గాలినూది, గాలి కోరు సూక్ష్మజీవులచే దానిని త్వరగా శుభ్రపఱచు మార్గము చూపిరి. వారికి ప్రోత్సాహమిచ్చిన గిల్బర్టు ఫౌలర్ పండితుడు 1916లో బెంగుళూరి విజ్ఞానసంస్థకు ఆచార్యుడై వచ్చి, మన దేశమునకు ఈ విద్యను తెచ్చెను. కావున విద్య మనకు క్రొత్తది కాదు. నూఱేండ్లనుండి చేతికందుచునే యున్నది.

సెప్టిక్ టాంకు అను పేరు నేడు అందఱి నోటను ఉన్నది. దాని ధర్మము కొందఱికే తెలియును. ఆ తొట్టి మడ్డిని అడుగునకు దింపి కొంత జీర్ణముచేయును. వెలువడు నీరు చూపునకు పలుచగా నున్నను రోగబీజములతో నిండియుండును. ఆ నీరు పొడినేలలో ఇంకినప్పుడే, మట్టిలోని గాలియు సూక్ష్మజీవులును తక్కిన పని పూర్తిచేయును. తెలంగాణపు మెట్టనేలలో ఇది చక్కగా సాగును. సిద్దిపేట ప్రాంతపు ఇబ్రహీంపూరు ఇంటింట ఇంకుడుగుంత త్రవ్వుకొని పేరు పొందినది. అదే గుంతను కోనసీమ పల్లమున త్రవ్వినయెడల, శ్రావణ భాద్రపదములలో నీరు గుంతలోనికి దిగుటకు మాఱు గుంతలోనుండి పైకి వచ్చును. అప్పుడు పొరుగింటి నుయ్యి చెడును. లేదా తొట్టి గొట్టమును వీథికాలువలోనికి విడుతురు. అది కోడులోనికిని, కోడు కౌశికవంటి ఏటిలోనికిని పోవును. ఒకచోట మేలైన పద్ధతి వేఱొకచోట అట్లే పనికిరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇందులో మఱియొక అన్యాయమున్నది. కోనసీమలో కాలువయే త్రాగునీటికిని ఆధారము. వేసవిలో కాలువలు కట్టకముందే ఊరి మంచినీటిచెఱువులను దానితో నింపుకొందురు. ఎగువ ఊరు తన వీథికాలువను ఆ కాలువలోనికి త్రిప్పినయెడల, అది దిగువ ఊరి బిందెలోనికి త్రిప్పినట్లే. రాజోలు ప్రాంతపు శివారు గ్రామములకు పంటనీరు అందఱికంటె కడపట చేరును. ఎగువవారి మురుగు మాత్రము తప్పక చేరును. ఊరిలోపలను ఇదియే తీరు. పెద్దవీథుల మురుగు పల్లమునకు పోవును; పల్లమున పేటలున్నవి. ఎత్తైన మెరకలు ఎవరికి దక్కినవో, పల్లపు స్థలములు ఎవరికి మిగిలినవో మన చదువరులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ జిల్లాకు 2022లో డాక్టరు అంబేద్కరుగారి పేరు చేర్చిరి. ఆయన 1927లో మహద్ పట్టణమున చెఱువునీటిని త్రాగు హక్కుకై వేలమందిని నడిపించెను. మంచినీరు పుచ్చుకొను హక్కు ఆ ధర్మములో సగము. పరుల మురుగు తన గుమ్మములో నిలువకుండు హక్కు రెండవ సగము. ఆ పేరు పెట్టుకొన్న జిల్లా ఈ రెండవ సగమును కూడ తీర్చవలసియున్నది.

చేయవలసినది యేమి? మొదటిది యింటి పని. మఱుగుదొడ్డి నీటితో వంటింటి నీటిని, స్నానపు నీటిని కలుపరాదు. ఈ రెండవ తరగతి నీటిని చిన్నతొట్టిలో జిడ్డును మడ్డిని వడగట్టి, నేలమట్టమునకు పైకెత్తిన పాదులద్వారా కొబ్బరికి, అరటికి, మెట్టతామరకు పాఱింపవచ్చును. పూర్వపు పెరటి బుద్ధియే యిది. క్రొత్త కొలతతో చేయవలెను. రెండవది తొట్టి పని. ఇంకుడుచోటును పల్లమున త్రవ్వక, ఇసుకతో మెరకగా నెత్తి కట్టవలెను. నిండిన మడ్డిని తోడించినపుడు అది రాత్రివేళ ఏ కోడులో పడుచున్నదో విచారింపవలెను. దానిని ఎండబెట్టి శుద్ధిచేయు స్థలమును పంచాయతీ చూపవలెను.

మూడవది ఊరి పని. వీథికాలువలన్నియు చేరుచోట వరుసగా రెండుమూడు చెఱువులు కట్టినయెడల, మొదటిదానిలో మడ్డి దిగును, రెండవదానిలో ఎండయు పచ్చని పాచియు నీటికి ప్రాణవాయువు నిచ్చును, మూడవదానిలో రోగబీజములు చాలవఱకు నశించును. ఇందుకు విద్యుత్తు అక్కఱలేదు. ఎండయు, స్థలమును, ఓపికయు చాలును. లోతుగా త్రవ్వరాని చోట గట్లు పోసి పైకి కట్టవలెను. చేపలచెఱువులకు గట్లు పోయుటలో ఆఱితేఱిన కోనసీమకు ఈ పని నేర్పవలెనా? కలకత్తా తూర్పున బెస్తలు నగరపు మురుగును ఇట్టి చెఱువులలో నిలిపి చేపలు పెంచుచు, కాలువల దిగువను కూరగాయలు పండించుచు తరములనుండి బ్రతుకుచున్నారు. ఆ ప్రదేశమునకు 2002లో రాంసార్ ఒప్పందము క్రింద లోకఖ్యాతి లభించినది.

ధనము లేదందురా? పదునైదవ ఆర్థికసంఘము 2021-26 సంవత్సరములకు పంచాయతీల కిచ్చిన ధనములో నూటికి అఱువది పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకునే వెచ్చింపవలెనని నియమించినది. చట్టము లేదందురా? మద్రాసు రాజధానిలో ప్రజారోగ్య చట్టము 1939లోనే వచ్చినది. లేనిది ఒక్కటే: కొళాయి తిరిగిననాడు కొబ్బరికాయ కొట్టు పెద్దమనుష్యులలో, ఈ నీరు రేపు ఎవరి వాకిట నిలుచునని అడుగు గొంతు.

ఆ గొంతు స్త్రీలది కావలెనని మా కోరిక. నీటి బరువును ఎన్నో తరములు మోసినవారు వారే. మురుగు దోమతో, పిల్లల జ్వరముతో ముందుగా పోరాడువారును వారే. గ్రామసభలో ఇంటింటికి కొళాయి యను తీర్మానము చదివినప్పుడు, దాని చివర ప్రతి కొళాయికి ఒక పాఱుదల యని చేర్పింపుడు. పాఱుదల మన వాకిలి దాటుటతో సరిపెట్టక, ఊరు దాటువఱకు, శివారు దాటువఱకు దాని వెంట నడచి చూడుడు. నీరు పల్లమెఱుగును, పల్లమునందలి మనిషిని మనమెఱుగవలెను.